తాగనివాళ్లను కూడా కలిపి తీసిన సగటు

ఏ దేశం ఎంత తాగుతుందో చెప్పే ప్రపంచ పటం ఏటా వాట్సాప్‌లో ఒకసారైనా తిరుగుతుంది. యూరప్ ముదురు రంగులో, అరబ్ దేశాలు తెల్లగా, మన దేశం మధ్యస్థంగా కనిపిస్తాయి. అది చూసి ‘మనం నయమే’ అనుకునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఆ పటం మీద పెద్దగా నమ్మకం లేదు. అంకెలు తప్పని కాదు, అవి ఎవరి గురించి చెబుతున్నాయన్నదే నా అనుమానం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 15 ఏళ్లు దాటిన మనిషి సగటున 5.5 లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ తాగాడు. యూరప్ ప్రాంతంలో ఇది 9.2 లీటర్లు, అమెరికా ఖండాల్లో 7.5. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా దేశాలున్న ప్రాంతంలో అర లీటరు కూడా లేదు. చిక్కేమిటంటే, ఈ సగటులో చుక్క ముట్టనివాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఏడాది పొడవునా తాగనివాళ్లే.

మనకు తెలిసిన కొలతలో చూద్దాం. క్వార్టర్ సీసా మీద రెండు అంకెలుంటాయి: 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అంటే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. రోజూ ఒక క్వార్టర్ వేసేవాడు ఏడాదికి 28 లీటర్లు తాగినట్టు.

ఇప్పుడు మన ఊళ్లో పది మందిని తీసుకోండి. తొమ్మిది మంది ముట్టరు, ఒక్కడు మాత్రం రోజూ క్వార్టర్ లేనిదే పడుకోడు. ఆ పది మంది సగటు 2.8 లీటర్లు. యూరప్‌లో ఇంకో పది మంది ఉన్నారు. పది మందీ రాత్రి భోజనంతో గ్లాసు వైన్ తాగుతారు. వాళ్ల సగటు ఆరున్నర లీటర్లు దాటుతుంది. పటంలో తాగుబోతుల ఊరు వాళ్లది, బుద్ధిమంతుల ఊరు మనది. కాలేయం చెడేది, కూలి డబ్బులు ఇంటికి చేరనిది మాత్రం మన ఊళ్లోని ఆ ఒక్కడి ఇంట్లోనే. (గ్లాసు వైన్ గుండెకు మంచిదన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. ఎంత తక్కువైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.)

ఆఫ్రికా అంకెలు దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. అక్కడి సగటు యూరప్ సగటులో దాదాపు సగమే. కానీ మద్యం వల్ల చనిపోయేవాళ్లు ప్రతి లక్ష మందికి యూరప్‌లో 52.9, ఆఫ్రికాలో 52.2. సగం తాగి సమానంగా చస్తున్నారు. అక్కడ తాగేవాళ్లు తక్కువ, తాగితే మాత్రం గట్టిగా తాగుతారు. పైగా నాటు సరుకు, పక్కన క్షయ, దూరంలో ఆసుపత్రి. తాగుడు అదే అయినా పేదవాడి ఒంటి మీద దాని దెబ్బ వేరు.

ఇంకో సంగతి, ఇలాంటి అంకెల్లో కొన్ని జనాన్ని అడిగి రాబట్టినవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 43 శాతం మగవాళ్లు తాగుతామన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. ఆడవాళ్లలో తెలంగాణలో 6.7 శాతం, ఆంధ్రలో అర శాతం. ఒకే భాష, పక్కపక్క రాష్ట్రాలు, ఇంత తేడా! తాగుడులో తేడా నిజంగానే ఉంది. తెలంగాణ పల్లెల్లో కల్లు దాచుకునే వస్తువు కాదు. దావత్‌లో ఉంటుంది, అమ్మవారికి పోసే సాకలో ఉంటుంది, ఇంట్లో ముసలమ్మ కూడా ఒక ముంత పుచ్చుకుంటుంది. అడిగితే దాచాల్సిన పనీ లేదు. కోస్తాలో ‘మా ఆయన మందు కొడతాడు’ అనడమే నామోషీ, ఇక తన గురించి ఏ ఆడమనిషి చెబుతుంది? 2016 నుంచి నిషేధం ఉన్న బిహార్‌లో కూడా 15 శాతం మగవాళ్లు తాగుతామని ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

అందుకే సగటును బట్టి విధానాలు రాస్తే గురి తప్పుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లీటర్లు చూసి రోడ్డెక్కలేదు, సారా కొట్టుకు పోతున్న కూలి డబ్బులు చూసి ఎక్కారు. ఏడాది తిరిగేసరికి సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఖజానా తట్టుకోలేకపోయింది, దొంగసరుకూ ఆగలేదు.

రష్యా నిషేధం జోలికి పోలేదు. 1980ల్లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యం మీద బిగిస్తే నాటుసారా పెరిగిన సంగతి వాళ్లకు గుర్తుంది. పన్ను పెంచారు, వోడ్కాకు కనీస ధర పెట్టారు, ప్రకటనలు ఆపారు, 2011 దాకా ఆహార పదార్థంగా చలామణీ అయిన బీరును మద్యంలో చేర్చారు. 2003, 2016 మధ్య తలసరి తాగుడు 43 శాతం తగ్గింది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం చిన్న నిబంధన: రాత్రి 11 నుంచి ఉదయం 8 దాకా దుకాణాల్లో అమ్మకం బంద్. రోజూ తాగేవాడికి చెయ్యి వణికే వేళ అదే. మన దగ్గర వైన్‌షాపుకూ టైమింగ్స్ ఉన్నాయి. బెల్టు షాపుకే లేవు. కిరాణా కొట్టు వెనక తలుపు తెల్లారి అయిదింటికి తట్టినా క్వార్టర్ చేతికొస్తుంది, పది రూపాయలు ఎక్కువ, అంతే.