పదో స్థానమే పరమపదం

వేలంలో వస్తువు ఒక్కటే అయితే గొడవ లేదు. ఒకరు గెలుస్తారు, మిగిలినవాళ్లు "పాపం, ఎక్కువ పెట్టేశాడు" అని జాలిపడుతూ ఇంటికి పోతారు. అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్‌తో భోజనం కోసం ఏటా జరిగిన సేవా వేలం అలాంటిదే. 2022లో అది 1,90,00,100 డాలర్లకు పోయింది. ఆ చివరి వంద దగ్గర నా చూపు ఆగిపోయింది. కోటీ తొంభై లక్షలు దానం, వంద పట్టుదల.

చిక్కంతా ఒకే వస్తువు పదిమందికి దక్కేటప్పుడు వస్తుంది. ఆ చిక్కులో స్వయంగా పడి, లేచి, దులుపుకుని వచ్చినవాణ్ని కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుందని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఒక సేవాసంస్థ నిధుల కోసం ఆన్‌లైన్‌లో వేలం పెట్టింది. అందులో ఒక అంశం: టెలిస్కోపుతో రాత్రి ఆకాశం చూపిస్తారు, పది సీట్లు. పెద్ద పాటలు పది ఏవైతే అవి గెలిచినట్టు. గడువు ఇంకో పావుగంట ఉందనగా పాటలు ఇలా ఉన్నాయి: 900, 700, 650, 600, 550, 520, 500, 480, 450, 420. ఏ కరెన్సీ అన్నది అనవసరం, గుండె దడకి కరెన్సీతో పనిలేదు. చివర్లో కనిపిస్తున్న ఆ 420 నేనే. అంకె చూసి తొందరపడి నవ్వకండి.

ఇప్పుడు ప్రశ్న. ఎవరెంత కట్టాలి? ఎవరు పాడింది వాళ్లు కట్టాలనేది ఒక పద్ధతి. అలాగైతే సంస్థకు 5,770 వస్తుంది. అందరికీ ఒకటే రేటు, అదీ గెలిచినవాళ్లలో అందరికంటే చిన్న పాట రేటు, అనేది ఇంకో పద్ధతి. అలాగైతే 4,200. ఏ కోశాధికారి అయినా ఈ రెండు అంకెలూ చూసి మొదటిదే ముద్దంటాడు. తేడా 1,570 మరి. చేతికందిన పుణ్యాన్ని ఎవరైనా వదులుకుంటారా?

కానీ ఆ లెక్కలో ఒక అమాయకత్వం ఉంది. రూలు మార్చినా మనుషులు అవే అంకెలు పాడతారని నమ్మడం. పాడినంతా కట్టాలని చెప్పి చూడండి, ఆ 900 మనిషి రాత్రికి రాత్రే గణిత శాస్త్రజ్ఞుడైపోతాడు. పదో స్థానం ఎంత దగ్గర తెగుతుందో అంచనా వేసుకుని, దానికి పది కలిపి 430 దగ్గర ఆగుతాడు. ఔదార్యం ఎక్కడికీ పోదు, ఎంతలో సరిపెట్టుకోవచ్చో లెక్క చూసుకుంటుంది, అంతే. అదే అందరికీ ఒకటే రేటు అంటే ధైర్యంగా 900 పాడతాడు. కట్టేది ఎలాగూ నా 420 కదా.

ఇది మన చిన్న సంస్థల తలనొప్పి మాత్రమే కాదు. అమెరికా ఖజానా తన అప్పుపత్రాలు అమ్ముకోవడానికి ఈ రెండు పద్ధతుల మధ్య ఏళ్ల తరబడి ఊగిసలాడింది. 1992లో కొన్ని పత్రాలకు ఒకటే రేటు పద్ధతిని పరీక్షగా మొదలుపెట్టి, 1998లో అన్నింటికీ మార్చింది. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే, గెలిచినవాళ్ల పాట కాదు, ఓడినవాళ్లలో పెద్ద పాటే ధరగా పెట్టండి, అప్పుడే జనం మనసులోని అంకె చెబుతారన్నాడు. 1996లో నోబెల్ ప్రకటించారు, మూడు రోజులకే ఆయన పోయాడు. ఆయన మాట వింటే మా ఆకాశానికి పదకొండోవాడి 410 ధర అయ్యేది. కోశాధికారికి ఆ సంగతి చెప్పలేదు, బీపీ మనిషి.

మా సంస్థ వాళ్లు ఎందుకో గానీ ఒకటే రేటు పద్ధతి పెట్టారు. ఇక ఆ పావుగంట కథ.

900 నిద్రపోయాడు. 700, 650 కూడా. పైన ఉన్న ఎనిమిదిమందికి వేలం ముగిసినట్టే. యుద్ధమంతా కింద, తొమ్మిది నుంచి పదకొండు దాకా. నా ఫోన్ మోగింది: "మీ పాటను దాటేశారు". పదకొండో ఆయన 410 నుంచి 430కి ఎక్కాడు. నేను 440 అన్నాను. ఆయన 450. నేను 460, ఈసారి పళ్లు బిగించి. ఆయనా 460 కొట్టాడు. ఇక్కడో విచిత్రం జరిగింది. ఆ దెబ్బకి నేను పడలేదు. తొమ్మిదో స్థానంలో తన మానాన తాను కూర్చున్న 450 మనిషి పడిపోయాడు. ఆయన ఎక్కడ భోంచేస్తున్నాడో, చెయ్యి కడుక్కుని వచ్చి 470 పాడాడు. ఇప్పుడు 460 దగ్గర ఇద్దరం మిగిలాం, సీటు ఒక్కటి. సమానమైతే ముందు పాడినవాడిదే అని రూలు. నేను నాలుగు నిమిషాలు ముందు.

ఈలోగా గడువు అయిపోయి ఉండాల్సింది. చివరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా ఇంకో రెండు నిమిషాలు సాగదీస్తారట. ఆఖరి క్షణంలో దూరి ఎగరేసుకుపోయేవాళ్లని ఆపడానికట. ఆ టెన్షన్‌లో నాకు మాత్రం గడియారమే నా మీద కక్ష కట్టినట్టుంది. చివరికి స్క్రీన్ మీద వచ్చింది: గెలిచారు, 10వ స్థానం.

ఇప్పుడు నా వాదన నిదానంగా వినండి. ధర 420 నుంచి 460కి పెరిగింది. నేను అదనంగా ఇచ్చింది 40. కానీ ఆ 40 పదిమందికీ పడింది కాబట్టి సంస్థకు వచ్చింది 400. అందులో 320 నిద్రపోతున్న ఎనిమిదిమంది జేబుల్లోంచి, వాళ్లని లేపకుండా, నేను ఇప్పించిన దానం. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదంటారు. ఇక్కడ ఇచ్చిన చేతికే తెలియలేదు. సావనీరులో మాత్రం మొదటి పేరు 900 గారిది, చివరి పేరు నాది. పదో విజేతకి శాలువా కప్పాలని కమిటీకి లేఖ రాశాను. జవాబు రాలేదు.

శాలువా సంగతి అలా ఉంచి, నన్ను నిజంగా కలవరపెట్టేది ఆ రెండో 460. సేవాసంస్థకు డబ్బు కావాలి. ఒక మనిషి నాతో సమానంగా ఇస్తానన్నాడు. "ధన్యవాదాలు, మీ డబ్బు మాకక్కర్లేదు" అని మర్యాదగా తిప్పి పంపారు. దానం చేస్తానన్నవాణ్ని ఓడించి పంపే వ్యవస్థ ఇదొక్కటే అనుకుంటాను. 2005లో నలుగురు ఆర్థికవేత్తలు ఇదే మాట లెక్కలు కట్టి మరీ చెప్పారు: గెలిచినవాళ్లే కట్టే వేలం విరాళాలు రాబట్టడానికి అంత గొప్ప సాధనం కాదు, ఎందుకంటే నేను పక్కవాడిని దాటానంటే వాడిచ్చే డబ్బు పోయినట్టే. ఓడినవాళ్లూ కట్టే పద్ధతే నయమట. ఆ రూలు పెట్టి చూడండి, ఓడినవాళ్లు వచ్చే ఏడు కనిపిస్తే నన్నడగండి. హాల్లో ముఖాముఖి జరిగే వేలాల్లో వేలం వేసేవాడు కాస్త తెలివైనవాడైతే, చివరికి ఇద్దరే మిగిలినప్పుడు ఆ వస్తువు ఇచ్చిన దాత వైపు తిరిగి "ఇలాంటిదే ఇంకొకటి ఇస్తారా?" అంటాడు. దాత నలుగురి ముందు కాదనలేడు. ఇద్దరూ గెలుస్తారు, డబ్బు రెట్టింపు. ఆకాశం విషయంలోనైతే ఇంకో సీటు వేయడానికి కొరత కూడా లేదు.

ఒక్క సీటుకే ఇంత కథ ఉంటే, రెండు సీట్లు పాడినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వేరే వేలంలో చూశాను. మిగిలింది ఒక్క సీటు, తరువాతి పాట ఇద్దరికి కలిపి పాడిన భార్యాభర్తలది. సిస్టమ్ నిష్పక్షపాతంగా ఒక్కటే ఇచ్చింది. "నువ్వు వెళ్లు" అన్నాడాయన. "అక్కర్లేదు, మీరే వెళ్లండి" అందావిడ. ఇచ్చేదేదో రెండూ ఇవ్వండి, లేకపోతే అసలొద్దు అని ముందే టిక్కు పెట్టే వీలుందని తరువాత తెలిసింది. అప్పటికి ఆ ఇంట్లో ఆ సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఆకాశం చూసే రాత్రి రానే వచ్చింది. పాటల వరస ప్రకారం క్యూలో నిలబెట్టారు. ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"పదోవారు మీరేనా అండీ?"

"అవునండీ."

"420కి అయిపోతుందనుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి 460 అయింది."

"నాదేం లేదండీ, ఆ పదకొండో ఆయన వల్లే."

"ఆయనేరీ?"

"ఆయన్ని రానివ్వలేదు కదండీ."

ఆయన ఇంకేదో అనబోతుంటే పిలుపు వచ్చింది, వెళ్లి శనిగ్రహం వలయాలు చూసుకున్నాడు. తొమ్మిదిమంది చూశారు. నా వంతు వచ్చేసరికి మబ్బు పట్టింది. నిర్వాహకులు నొచ్చుకుని, వచ్చే నెల మళ్లీ పెడుతున్నామనీ, తప్పకుండా పాడమనీ చెప్పారు. మొదలు 460 నుంచట.