సవరణ: ఇథైల్ ఎసిటేట్‌కు నిప్పంటుకునే ఉష్ణోగ్రత

ఇథైల్ ఎసిటేట్ గురించిన ముందటి వ్యాసంలో, ఈ ద్రావణి (ఇతర పదార్థాలను కరిగించే ద్రవం) 77 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కితేనే అగ్నిప్రమాదం ఉంటుందన్న వాక్యాన్ని తొలగిస్తున్నాను. 77 డిగ్రీలు దాని మరుగు స్థానం మాత్రమే. నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి ద్రవం పైన చేరే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. ఇథైల్ ఎసిటేట్‌కు అది సుమారు మైనస్ 4 డిగ్రీలు. అంటే సాధారణ గదిలో మూత తీసిన సీసా ఎప్పుడూ ప్రమాదపు హద్దులోపలే ఉంటుంది. గాలిలో ఆవిరి దాదాపు 2 శాతానికి చేరితే మంట పుట్టడానికి అది చాలు.

పై కిటికీ తెరిస్తే ఆవిరి వెళ్ళిపోతుందని అదే వ్యాసంలో ఇచ్చిన సూచన కూడా చెల్లదు. దీని ఆవిరి గాలికన్నా సుమారు 3 రెట్లు బరువైనది గనుక, నేలబారుగా పాకుతూ దూరంలో ఉన్న మంటనో, నిప్పురవ్వలు రాల్చే మోటారునో చేరి, అక్కడ అంటుకుని, మంట వెనక్కి సీసా దాకా రాగలదు. గాలిని కింది నుంచి కూడా బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. లోహపు డబ్బాల మధ్య ద్రవాన్ని ఒంపేటప్పుడు స్థిర విద్యుత్తు పేరుకుని నిప్పురవ్వ పుట్టకుండా రెండింటినీ తీగతో కలిపి భూమికి అనుసంధానించాలి. చాలామంది వదిలేసే జాగ్రత్త ఇదే.

చేతి తొడుగుల విషయంలో, పల్చటి నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) తొడుగులు దీన్ని ఎక్కువసేపు ఆపలేవు. బ్యూటైల్ రబ్బరు తొడుగులు మేలు. నీటిలో కరిగే పరిమాణం, అంటే లీటరుకు సుమారు 80 గ్రాములు, ముందు ఇచ్చినట్లే ఉంటుంది.