మహారాజశ్రీ గేమ్ అప్‌డేట్ గారికి

ఉభయకుశలోపరి. ఉభయులంటే తమరూ, తమ సర్వరూ. నా క్షేమం సంగతి అడక్కండి.

ఎన్నాళ్లకో ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ దొరికింది. కొత్త గేమ్ డిస్క్ పెట్టి, కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నానో లేదో, తెర మీద తమరు దర్శనమిచ్చారు. ముందు నలభై నిమిషాలన్నారు. కాసేపాగి చూస్తే రెండు గంటలన్నారు. కాలాన్ని వెనక్కి నడిపించే విద్య తమకు తప్ప ఇంకెవరికీ రాదు. డౌన్‌లోడ్ అయ్యాక ఇన్‌స్టాల్, అదయ్యాక కాపీ. ఈలోగా చీకటి పడింది.

నేనడిగేది ఒక్కటే. డబ్బు పోసి కొన్న ఆ డిస్కులో ఏముందండీ మరి? 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కిలోబైట్లు. 32 లెవెల్సూ, సంగీతమూ, తాబేళ్లూ, చివర్లో రాకుమారీ అన్నీ అందులోనే. ఆ గేమ్ ఆడుతున్న టీవీని ఇప్పుడు ఫోన్‌తో ఫొటో తీస్తే, గేమ్ కంటే ఫొటోనే ఎక్కువ చోటు తింటుంది. అప్పట్లో గేమ్ నింపి అమ్మే ప్లాస్టిక్ డబ్బా, అదే కార్ట్రిడ్జ్, ఒకసారి చేయి దాటితే దిద్దుకునే వీల్లేదు కాబట్టి పూర్తిచేశాకే అమ్మేవాళ్లు. అప్పుడు చెత్త రాలేదా అంటే, వచ్చింది. 1982లో ఈ.టి. గేమ్‌ను హడావిడిగా వారాల్లో చుట్టేసి వదిలారు. అమ్ముడుపోని కార్ట్రిడ్జులను తీసుకెళ్లి న్యూ మెక్సికోలో గొయ్యి తీసి పూడ్చారు. కనీసం ఆ మాత్రం సిగ్గుండేది.

2020లో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ ఎంత అధ్వానంగా వచ్చిందో తమకు తెలియంది కాదు. సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. తర్వాత దాన్ని మనిషి ఆడగలిగేలా చేసింది తమ వంశంవారే, కాదనను. కానీ తమరున్నారన్న ధీమా లేకపోతే అలా వదిలేవాళ్లా?

తమ బంధువర్గం గురించీ రెండు ముక్కలు. 2006లో ఆబ్లివియన్ అనే గేమ్‌లో గుర్రం కవచాన్ని విడిగా రెండున్నర డాలర్లకు అమ్మితే అందరం నవ్వాం. ఇప్పుడు నోరు మూసుకుని కొంటున్నాం. డబ్బు కట్టి తెరిస్తే గానీ లోపల ఏముందో తెలియని పెట్టె, తమ బావమరిది లూట్ బాక్స్ గారిని 2018లో బెల్జియం జూదం కిందే జమకట్టింది, వారికి నా శుభాకాంక్షలు. ఇక 2014 నాటి ద క్రూ గేమ్ సర్వర్లను 2024లో కట్టేస్తే, కొన్నవాళ్లకు ఆ డిస్కులు టీ కప్పు కింద పెట్టుకోవడానికి పనికొచ్చాయి.

సరే, రాత్రికి మీ పని ముగిసింది. హమ్మయ్య అనుకుంటుంటే ఇంకో మెసేజ్. కంట్రోలర్‌కూ అప్‌డేట్ కావాలట! కంట్రోలర్‌కు! బటన్ నొక్కితే దూకాలి, అంతే కదయ్యా దాని ఉద్యోగం? దానికి కొత్తగా ఏం నేర్పుతావు నువ్వు? ఇంతా చేసి ఏం మార్చావయ్యా అంటే, 'స్థిరత్వం మెరుగుపరచబడింది' అని ఒక్క ముక్క. ఎవరి స్థిరత్వం? నాదైతే కాదు.

రాత్రి నేను పడుకున్నాక వచ్చి చావొచ్చుగా? ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్ చేసే ఉంది. కొన్నరోజునే చేశాను. ఆ బటన్ ఎందుకు పెట్టావు మరి, అలంకారానికా?

ఇట్లు,
రేపు పొద్దున్నే ఆఫీసుకెళ్లాల్సిన మనిషి