పర్వత వాతావరణ సూచన గారికి, లేచిపోదలచిన ఒక జంట విన్నపం

మహారాజశ్రీ పర్వత ప్రాంత వాతావరణ సూచన గారి సముఖమునకు,

కొండ కింది చెక్క గుడిసెలో, పొయ్యి చుట్టూ ఆరబెట్టిన బూట్ల మధ్య కూర్చుని, రాత్రి పది గంటలకు రాసుకుంటున్న విన్నపం ఏమనగా, మేమిద్దరం లేచిపోదామనుకున్నాం. లేచిపోవడమంటే పెద్దల అనుమతి కోసం ఎదురుచూడకుండా, ఎవరి వీలూ అడగకుండా, మనసైన వారితో మనసైన చోటికి వెళ్ళి పెళ్ళి చేసుకోవడమని ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చాం. తీరా చూస్తే మూడు రోజులుగా కళ్ళు తెరవగానే ఒకసారి, కాస్త కదలగానే ఒకసారి, పడుకోబోతూ మరోసారి తమరి ముఖం చూసి, తమరు సరేనంటే బయలుదేరదామని కూర్చున్నాం. ఈ లెక్కన మా ఇంట్లో పెద్దవాళ్ళే నయం. వాళ్ళు కాదంటే కాదనేవారు. 40 శాతం కాదని ఏనాడూ అనలేదు.

తమరు పుట్టక ముందు ఈ పని ఎంత సాఫీగా సాగిందో ఒకసారి గుర్తు చేయనివ్వండి. ఇంగ్లండులో 1753లో హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన చట్టం 21 ఏళ్ళు నిండని వారి పెళ్ళికి తల్లిదండ్రులు అడ్డుపడే వీలు కల్పించగానే, ప్రేమికులు గుర్రపు బండెక్కి స్కాట్లండు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే పల్లె చేరుకునేవారు. అక్కడ ఇద్దరు సాక్షుల ఎదుట తాము భార్యాభర్తలమని చెప్పుకుంటే చాలు, కమ్మరి దాగలి మీద సుత్తి దెబ్బతో పెళ్ళి ముగిసేది. పెళ్ళాడేవారిలో ఒకరైనా 21 రోజులపాటు స్కాట్లండులో ఉండి తీరాలని 1856లో మరో చట్టం వచ్చేదాకా ఆ జోరు తగ్గలేదు. మరి తమరు పత్రికలో తొలిసారి దర్శనమిచ్చింది 1861 ఆగస్టు 1న, లండన్ టైమ్స్‌లో, బ్రిటన్ వాతావరణ విభాగం పెద్ద అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్ చలవతో. అంటే ఆ నూరేళ్ళూ పారిపోయిన జంటలన్నీ తమరి ఊసే లేకుండా పారిపోయాయన్నమాట. వాళ్ళ వెనక తండ్రి బండి తరిమి ఉండవచ్చు గాని, 'మధ్యాహ్నం తర్వాత ఉరుములకు అవకాశం' అని ముందు నిలబడి అడ్డగించినవారు లేరు. వాన వస్తే తడిశారు. అంతే.

మేము కూడా అంత తేలిగ్గానే మొదలుపెట్టాం. ఎవరికీ చెప్పవద్దు, అట్టహాసం వద్దు, మనిద్దరం, కొండ, ఆకాశం చాలు అనుకున్నాం. పద్నాలుగు నెలలు గడిచేసరికి ఈ రహస్యం ఫోటోగ్రాఫరుకు, ఆమె సహాయకుడికి, దారి చూపే గైడుకు, పెళ్ళి జరిపించే పెద్దమనిషికి, గుడిసె కాపలాదారుకు, గౌనును నీరు చొరని సంచిలో ఎలా చుట్టాలో నేర్పిన దర్జీకి, అనుమతి పత్రం మీద ముద్ర వేసిన గుమాస్తాకు తెలిసిపోయింది. తెలియనిది మా అమ్మ ఒక్కతెకే. ఆ అనుమతి పత్రంలో చోటు ఏది, రోజు ఏది, ఎన్ని గంటలకు, ఎంతమంది అన్న గడులన్నీ నింపి, పూలరేకులు చల్లబోమని, రంగు కాగితాలు ఎగరవేయబోమని సంతకం పెట్టాం. తమరి పేరిట మాత్రం అందులో ఒక్క గడి లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమైతే మరీ ఉదారం: జరిపించేవారు అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు, ఇద్దరూ తమంతట తామే పెళ్ళి కానిచ్చుకోవచ్చు, లైసెన్సు చేతికొచ్చిన 35 రోజుల లోపు ఆ ముచ్చట ముగిస్తే చాలు. చట్టం ఇంత మర్యాదగా పక్కకు తప్పుకున్నాక కూడా, ఆ 35 రోజుల్లో తెరిపి ఇచ్చేది ఏ రోజో చెప్పవలసింది తమరే.

తమరి పనితీరు తెలుసుకున్నాక నా కోపం పెరిగిందో తగ్గిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. యూరప్ మధ్యశ్రేణి వాతావరణ సూచనల కేంద్రం వారి కంప్యూటరు నమూనా భూగోళాన్ని సుమారు 9 కిలోమీటర్ల గడులుగా చూస్తుందట. ఒక్కో గడి 80 చదరపు కిలోమీటర్ల పైమాట. మేము పెళ్ళాడదలచిన కనుమ, దాని నెత్తిన ఉన్న శిఖరం, కింది సరస్సు, లోయలోని ఊరు అన్నీ ఆ ఒక్క గడిలో సర్దుకోవాలి. శిఖరాన్ని కొంత చెక్కి, లోయను కొంత పూడ్చి, తమరు ఒక సగటు నేలను తయారు చేసుకుంటారు. దాని మీద సగటు వాన కురిపించి, సగటు గాలి వీయిస్తారు. లోయలో ఎండ కాస్తూ కనుమ మీద మంచు రాలుతుంటే 'పాక్షికంగా మేఘావృతం' అన్న తమరి మాట సగటున నిజమే. పెళ్ళిని మాత్రం సగటున చేసుకోలేము.

ఉష్ణోగ్రత సంగతీ అంతే. లోయలో ఊరి పేరు కొట్టి చూస్తే తమరు 18 డిగ్రీలని నవ్వుతూ చెప్పారు. ఆ ఊరు 1,200 మీటర్ల ఎత్తున ఉంది, కనుమ 3,200 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లకు దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న మామూలు లెక్క వేసుకుంటే పైన మిగిలేది 5. గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తగిలే చలి సున్నాకు కాస్త దిగువనే. కాబోయే శ్రీవారు తమరి 18ని నమ్మి పల్చటి చొక్కా తెచ్చుకున్నారు. పెళ్ళి ఫోటోలన్నిటిలోనూ ఆయన గుడిసెవారి గళ్ళ దుప్పటి కప్పుకుని కనబడబోతున్నారు.

ఇక తమరి ఇంటి లోపలి తగవు. తమరు ఒక్క మాట చెప్పే ముందు, మొదలు దగ్గర రవ్వంత మార్పుతో 51 లెక్కలు వేసి చూసుకుంటారట. చుట్టాలు వద్దని పారిపోయి వచ్చినవాళ్ళకు 51 మంది చుట్టాలు ఎదురొచ్చినట్టుంది: సగం మంది ఎండ అంటారు, కొందరు జల్లు అంటారు, ఒకరిద్దరు మూలన కూర్చుని మంచు తుఫాను అని గొణుగుతారు, అందరినీ సమాధానపరచి తమరు ఒక బొమ్మ వేస్తారు. ఇది తమరి తప్పు కాదని నాకు తెలుసు. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణాన్ని లెక్కకట్టే తన కంప్యూటరుకు 0.506127 బదులు 0.506 అని అందించి, కాఫీ తాగి వచ్చేసరికి, అందులోని వాతావరణం పూర్తిగా మరో దారి పట్టింది. నాలుగు వేలలో ఒక వంతు తేడాకు అంత పని జరిగింది. మేము మాత్రం పద్నాలుగు నెలల కిందటే ఒక మంగళవారాన్ని ఖాయం చేసుకుని, ఉంగరాల లోపల ఆ తేదీ చెక్కించుకున్నాం.

ఆ మంగళవారం తమరు 20 శాతం అన్నారు. కనుమ ఎక్కేసరికి ఆకాశం శుభ్రంగానే ఉంది. గౌను తొడుక్కుని బండ మీద నిలబడ్డాను, పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు, అంతలో ఆయన వెనక కొండ అంచు మాసిపోయింది. అంతవరకూ మేఘమంటే ఎక్కడి నుంచో వచ్చేదని అనుకునేదాన్ని. గాలి వాలు వెంట పైకెక్కుతూ చల్లబడితే, దానిలోని తేమ అక్కడికక్కడే మేఘమవుతుంది. అది మా మీదికి రాలేదు, మా మధ్యనే పుట్టింది. మూడడుగుల దూరంలో ఉన్న కాబోయే శ్రీవారిలో నాకు కనబడింది చొక్కా గుండీలు మాత్రమే. యాభై నిమిషాలు అలాగే నిలబడ్డాం. పెద్దమనిషి కనుబొమల మీద నీటి చుక్కలు పేరుకున్నాయి. నాచు తగిలి గౌను అంచు జానెడు మేర పచ్చబడింది. ఆ పచ్చదనం సబ్బుకు లొంగలేదు. చివరికి గైడు తల అడ్డంగా ఊపాడు, దిగాం. గుడిసె తలుపు తీస్తూ వెనక్కి చూస్తే కనుమ మీద ఎండ బంగారంలా కాస్తోంది. కాపలాదారు కిటికీలోంచి చూసి, "అక్కడ ఇప్పుడు ఎంత బాగుందో చూడండి" అన్నాడు. ఆ మనిషి మీద నాకు ఏ కోపమూ లేదని తమరి ఎదుట స్పష్టం చేస్తున్నాను.

బుధవారం శిఖరం నెత్తిన పళ్ళెం బోర్లించినట్టు నున్నటి మేఘం ఒకటి నిలిచింది. దాన్ని చూడగానే ఫోటోగ్రాఫరు మురిసిపోయి కెమెరా తీసింది. గైడు నిట్టూర్చి బూట్లు విప్పాడు. ఇద్దరూ చూసింది ఒకే మేఘాన్ని. పైన గాలి ఉధృతంగా ఉందనడానికి అది గుర్తట. ఆ రోజు తమరి బొమ్మలో చక్కటి సూర్యుడు ఉన్నాడు. అబద్ధమని అనలేను, ఎండ కాసిన మాట నిజమే.

ఈ శాతాల మీద కూడా నాకొక మనవి ఉంది. 40 శాతం వాన అంటే రోజులో 40 శాతం సేపు కురుస్తుందని కాబోయే శ్రీవారు, అంచనా చెప్పినవారికి 60 శాతం సిగ్గుందని నేను, రెండు రోజులు వాదించుకున్నాం. అమెరికా జాతీయ వాతావరణ సేవ లెక్కలో అయితే, చెప్పిన వ్యవధిలో, ఆ ప్రాంతంలో ఏ చోటు తీసుకున్నా అక్కడ కనీసం 0.01 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు వాన పడే అవకాశమట. అది గౌను తడిపే వానా, గుడిసె కొట్టుకుపోయే వానా అన్నది ఆ అంకెలో ఉండదు. మొదటి ముద్దుకు ముందా తర్వాతా అన్నది అసలే ఉండదు.

అందుచేత మా బ్రతుకంతా గడియారానికి కట్టుబడింది. ఎండకు వాలులు వేడెక్కి, గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి ఉరుములు కమ్ముకుంటాయి కాబట్టి, అంతకు ముందే కనుమ దిగిపోవాలి. స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. మా 8 కిలోమీటర్లకు, 900 మీటర్లకు కలిపి మూడు గంటల పైచిలుకు. ఆయన పెళ్ళి గౌనును, దాన్ని మోసే మనిషి అలకను లెక్కలో కలపలేదు గనుక మేము ఐదు గంటలు వేసుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేవాలని గైడు చెప్పినప్పుడు గాని, లేచిపోవడంలో లేవడం కూడా ఒక భాగమని మాకు తట్టలేదు. మెరుపుకు, ఉరుముకు నడుమ 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగాలి అన్న నియమాన్ని మా ప్రమాణాల కాగితం వెనకే రాసుకున్నాం. ప్రమాణాలను ఇప్పటికి మూడుసార్లు కుదించాం. గాలి మరీ ఎక్కువైతే 'సరేనా', 'సరే' అన్న రెండు మాటల పాఠం కూడా సిద్ధంగా ఉంది; నిజం చెప్పాలంటే మొదటి పాఠం కంటే అదే బాగుంది.

న్యాయంగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ సాయంత్రం గైడు తమరి పూర్తి పాఠం చదివి వినిపించాడు. మంగళవారానికి 'కనుమల మీద ఉదయం పూట స్థానికంగా మేఘం కమ్మవచ్చు' అని, బుధవారానికి 'శిఖరాల మీద బలమైన గాలులు' అని బొమ్మ కింద చిన్న అక్షరాలతో తమరు రాసే ఉన్నారు. మేము సూర్యుడి బొమ్మ చూసి మురిసి అక్కడే ఆగిపోయాం. పెళ్ళి చూపుల్లో ముఖం మాత్రమే చూసి వచ్చినవాళ్ళ సంగతీ ఇంతేనేమో. అయినా, పెళ్ళి మాది, చినుకు తమరిది, కాబట్టి నింద తమరికే చెందాలని తీర్మానించుకున్నాం.

కోరేది ఎక్కువేమీ కాదు. రేపు ఉదయం ఎనిమిదికీ తొమ్మిదికీ నడుమ ఇరవై నిమిషాలు చాలు. ఎండ అక్కర్లేదు, రంగుల ఆకాశం అక్కర్లేదు, ఫోటోగ్రాఫరుకు ఎలాగో నచ్చజెబుతాం. ఎదుటి మనిషి ముఖం కనబడేంత వెలుతురు ఇప్పించండి, చాలు.

ఇట్లు,
తమరి అనుమతికై వేచి ఉన్న,
లేచిపోవలసిన వధువు

తా.క.: ఈ లేఖ మడతపెట్టబోతూ ఉపగ్రహ సందేశ పరికరం తెరిచి చూస్తే తమరు రేపటి 40ని 60 చేసి ఉన్నారు. కాబోయే శ్రీవారు గళ్ళ దుప్పటి కప్పుకుని గురకపెడుతున్నారు. ఆయనకు ఆ అంకె చెప్పబోవడం లేదు. అలారం మాత్రం మూడింటికే ఉంచాను.