పాత రోడ్‌స్టర్ ధర తలుపుల కింద ఉంటుంది

పాత బ్రిటిష్ ఓపెన్‌టాప్ స్పోర్ట్స్ కారును అమ్మకానికి పెట్టాలనుకోగానే చాలామంది ముందుగా దాన్ని తోలుకెళ్లేది పెయింటింగ్ షెడ్డుకే. కొత్త రంగు పడి క్రోమ్ తళతళలాడితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని లెక్క. ఆ లెక్క తప్పు. ఈ బండ్ల సంగతి తెలిసి కొనడానికి వచ్చేవాళ్లకు కొత్తగా కొట్టిన రంగు కనిపిస్తే ముందు అనుమానమే పుడుతుంది. పాత రంగు, దాని పక్కనే చిన్న తుప్పు పొక్కు, ఆ పొక్కును దగ్గర్నుంచి తీసిన ఫొటో ఉన్న బండికే బేరం త్వరగా తెగుతుంది.

కారణం బండి నిర్మాణంలోనే ఉంది. పైకప్పున్న కారులో బాడీ బరువును కప్పు కూడా కొంత మోస్తుంది. ఇలాంటి బ్రిటిష్ బండ్లలో ఒకటైన ఎంజీబీ రోడ్‌స్టర్‌కు ఆ ఆసరా లేదు, విడిగా ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) కూడా లేదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో తయారైన ఈ బండి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేది తలుపుల కింది సిల్స్, ఫ్లోర్, మధ్యలోని గేర్‌బాక్స్ టన్నెల్. సిల్ అంటే ఒక్క రేకు కాదు: బయటొకటి, లోపలొకటి, మధ్యన నిలువుగా ఇంకొకటి, అడుగున క్యాజిల్ సెక్షన్ అనే మడత రేకు. అందులోకి చేరిన బురద, తడి ఆరక లోపల్నుంచే తింటాయి. బయటికి పొక్కు తేలిందంటే లోపలి రేకులు ఎప్పట్నుంచో పోతున్నట్టే. పాత రేకు తీయకుండా దానిమీదే కొత్త రేకు అతికించి, పుట్టీ పెట్టి, రంగు కొట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది, బలం మాత్రం రాదు.

కొనేవాడు ఎలాగూ చూస్తాడు కాబట్టి ముందు మీరే చూసుకోండి. తలుపు మూసి, తలుపుకూ వెనక మడ్‌గార్డ్‌కూ మధ్య సందును పైనా కిందా కొలవండి. ఆ పక్క జాకీ పెట్టి మెల్లగా ఎత్తి మళ్లీ కొలవండి. సందు మారినా, తలుపు పట్టేసినా సిల్స్‌లో బలం తగ్గినట్టు. జాకీ పెట్టినచోట రేకు లోపలికి దిగిపోతుంటే అక్కడే ఆపేయాలి. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్ వెంట జరుపుకుంటూ పోతే పుట్టీ ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. సీట్ల వెనక బ్యాటరీ పెట్టెల అడుగు, క్వార్టర్ గ్లాస్ (తలుపు ముందు మూలలోని చిన్న అద్దం) కింద తలుపు రేకులో వచ్చే పగులు కూడా చూడాలి.

సిల్స్ పోయి ఉంటే అమ్మకం కోసం హడావిడిగా వెల్డింగ్ చేయించకపోవడమే మేలు. సరిగ్గా చేయాలంటే మడ్‌గార్డ్‌ల కింది భాగాలు కూడా కోయాలి. కోసేముందు తలుపు ఖాళీలో అడ్డ కడ్డీ బిగించకపోతే బాడీ వంగిపోతుంది, ఆ తర్వాత తలుపులు జన్మలో సరిగ్గా మూసుకోవు. ఆ ఖర్చు ధరలో తిరిగి రాదు. ఉన్నది ఉన్నట్టు చూపించి ధర తగ్గించుకోవడమే లాభం.

మీది ఇంకో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ టీఆర్6 అయితే చూడాల్సిన చోట్లు వేరు. దానికి విడి ఛాసిస్ ఉంది. వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌ను బిగించే బ్రాకెట్లు పగులుతాయి, వెనక చక్రాలను పట్టుకునే ట్రైలింగ్ ఆర్మ్‌ల దగ్గర ఛాసిస్ తుప్పు పడుతుంది. ఇంజన్ ఆగి ఉండగా ఒకరు క్లచ్ తొక్కుతుంటే ఇంకొకరు క్రాంక్ పుల్లీ చూడాలి. అది కంటికి తెలిసేంతగా ముందుకూ వెనక్కీ కదిలితే క్రాంక్‌ను జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగినట్టే.

కొనేవాళ్లు వచ్చేముందు ఇంజన్ వేడి చేసి పెట్టకండి. చల్లగా ఉన్న బండి చోక్ లాగితే ఎలా అందుకుంటుందన్నదే వాళ్లకు కావాలి. ఎంజీబీ ఇంజన్ బాగా వేడెక్కాక పరుగులో ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్ఐ, ఐడిల్‌లో 10 నుంచి 25 ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) కొలిచి ఆ అంకెలు రాసి పెట్టండి. ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ తిరిగే వేగాన్ని తగ్గించే అదనపు గేరు) పడకపోతే యూనిట్ పోయిందనుకుని ధర తెగ్గోసుకోవద్దు. చాలాసార్లు తప్పు గేర్‌బాక్స్ మీది స్విచ్‌లోనో వైరింగ్‌లోనో ఉంటుంది. స్పోక్ వీల్స్ ఉంటే హబ్ పళ్లు అరిగాయేమో చూడాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, తర్వాతివి సంవత్సరం. గీతలు బాగున్నా పదేళ్లు దాటిన టైర్ల మీద బేరం తప్పదు.

1967 దాకా ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్‌తో, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి వచ్చాయి. మీ బండి ఇంకా అలాగే ఉందో, నెగెటివ్‌కు మార్చారో ప్రకటనలోనే రాయండి. తెలియక బ్యాటరీ తిరగేసి కలిపితే నష్టపోయేది కొన్నవాడే. అలాగే 1974 చివర్లో వచ్చిన నల్ల రబ్బరు బంపర్ల బండికి క్రోమ్ బంపర్లు తొడిగి ఉంటే ఆ మాట కూడా దాచకూడదు. ఛాసిస్ నంబరు చూడగానే తెలిసిపోతుంది, అప్పుడిక మీ మిగతా మాటలూ నమ్మరు.

కాగితాల్లో విలువైనది గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్. బండి తయారైన తేదీ, అసలు రంగు, ఇంజన్ నంబరు అందులో ఉంటాయి. బ్రిటన్‌లో అమ్మేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రం రిజిస్టర్డ్ కీపర్ ఎవరో చెబుతుందే తప్ప యజమాని ఎవరో రుజువు చేయదు, అందుకని మీరు కొన్నప్పటి రసీదు బయటికి తీయండి. 40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండికి అక్కడ ఎంఓటీ (ఏటా చేసే వాహన భద్రతా పరీక్ష) తప్పనిసరి కాదు. అయినా అమ్మేముందు చేయించడం మంచిది. మూడో మనిషి బండి కింద దూరి రాసిన కాగితానికి ఉన్న విలువ మీ మాటకు ఉండదు.

ధర కట్టేటప్పుడు ప్రకటనల్లో అడుగుతున్న రేట్లు కాదు, వేలాల్లో నిజంగా పలికిన రేట్లు చూడండి. అందులో కమీషన్ ఎంతో విడదీసి లెక్కేయండి. డబ్బు ఖాతాలో పడిందని బ్యాంకు చెప్పేదాకా తాళాలు, కాగితాలు చేతికివ్వొద్దు.

బండి అప్పగించే రోజు టాప్ ఎలా మడవాలో దగ్గరుండి చూపించండి. వెనక ప్లాస్టిక్ కిటికీ చలికి బిగుసుకుని ఉన్నప్పుడు మడిస్తే గీత పడిపోతుంది, ఆ గీత మళ్లీ పోదు. ఎండలో కాసేపు మెత్తబడనిచ్చి, మడతలో మెత్తటి గుడ్డ పెట్టి మడవాలి. ముందు చక్రాలు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్‌లకు గ్రీజు కొట్టే నిపిల్స్ ఎక్కడున్నాయో కూడా చూపించి, గ్రీజు గన్ బండితోపాటే ఇచ్చేయండి.