సవరణ: డిస్కు మారితే విండోస్ మళ్లీ కొనాలా?
పాడైన ల్యాప్‌టాప్‌లో విండోస్ తిరిగి వేసుకోవడం గురించి ఇంతకుముందు రాసిన దానిలో "డిస్కు మారిస్తే కొత్త లైసెన్సు కొనాలి" అన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోగలరు. 2012లో వచ్చిన విండోస్ 8 నాటి నుంచి, విండోస్‌తో సహా అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలో ప్రోడక్ట్ కీ (లైసెన్సును గుర్తించే కోడ్) సాధారణంగా మదర్‌బోర్డు (ల్యాప్‌టాప్‌లోని ముఖ్య సర్క్యూట్ బోర్డు) మీది చిప్‌లోనే ఉంటుంది కాబట్టి, బెంగళూరులోని మనవాళ్లు చాలామంది చేయించుకున్నట్టు కంప్యూటర్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డులో పాత హార్డ్ డిస్కు తీయించి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) వేయించుకున్నంత మాత్రాన విండోస్ వాడుకునే హక్కు ఎక్కడికీ పోదు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి, విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే మీడియా క్రియేషన్ టూల్‌ను ఉచితంగా దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను సిద్ధం చేసుకుని (అందులోని ఫొటోలన్నీ చెరిగిపోతాయి, ముందే తీసి పెట్టుకోండి), దానితో విండోస్ వేసేటప్పుడు కీ అడిగిన చోట "నా దగ్గర కీ లేదు" అన్న దాన్ని నొక్కి, మునుపటి ఎడిషన్‌నే, అంటే హోమ్ ఉంటే హోమ్‌నే ఎంచుకుంటే, నెట్‌కు కలిపాక యాక్టివేషన్ (లైసెన్సు ఉందని మైక్రోసాఫ్ట్ ధ్రువీకరించడం) మామూలుగా దానంతటదే పూర్తవుతుంది. ఇంత ఉండగా ఎవరో చవకగా అమ్మే కీల జోలికి పోవడం దండగ.

మదర్‌బోర్డు మారితే మాత్రం సంగతి వేరు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మార్చుకోవచ్చు గానీ, ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం (తయారీదారే వేసిచ్చిన) లైసెన్సు పాత బోర్డుతోనే పోవచ్చు. కనుక ఆ పని తయారీదారు సర్వీసు సెంటర్‌లోనే చేయించి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూసుకున్నాకే బిల్లు కట్టడం మేలు.