బంగారు పిడి ఉన్న ప్రతి పొట్టి కత్తీ హరాకిరి కత్తి కాదు

బంగారు పూలు చెక్కిన పాత జపాన్ పొట్టి కత్తి ఫొటో ఒకటి, దాని కింద నాలుగైదు వాక్యాలు. నెల రోజులుగా ఎవరో ఒకరు నాకు పంపుతూనే ఉన్నారు. "ఇది జపాన్ యోధులైన సమురాయ్‌లు హరాకిరి చేసుకునే, అంటే కడుపు కోసుకుని చనిపోయే కత్తి. వాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఒర పక్కన దాచిన చిన్న చాకు శత్రువు మీదికి విసరడానికి. పిడికి బంగారం ఎంత ఎక్కువుంటే కత్తి అంత గొప్పది. పిడి విప్పితే లోపల పేరుంటుంది, ఉంటే అసలుదే. తుప్పు కనిపిస్తే రుద్ది మెరిపించండి." ఆ చివరి మాట చదివాకే రాయక తప్పదనిపించింది.

మొదట హరాకిరి సంగతి. ఈ కత్తిని వాకిజాషి అంటారు, పక్కన దోపుకునేది అని అర్థం. అలుగు, అంటే కోసే ఇనుప భాగం, సుమారు 30 నుంచి 60 సెంటీమీటర్లు. అంతకన్నా పొట్టిదైతే తాంతో. పొడుగు కత్తితో పాటు సమురాయ్ నడుముకి రోజూ ఉండేది వాకిజాషియే. 1868లో జపాన్ ఓడరేవు కోబేలో తాకి జెన్‌జబురో అనే సమురాయ్ విదేశీ ప్రతినిధుల ఎదుట ప్రాణం తీసుకున్నాడు. అది కళ్లారా చూసిన ఇంగ్లీష్ దౌత్యవేత్త ఒకాయన, కాగితం చుట్టిన తొమ్మిదిన్నర అంగుళాల కత్తిని పీట మీద పెట్టి తెచ్చారని రాశాడు. కొలత ప్రకారం అది తాంతో అంత పొట్టిదే అయినా, దాన్ని కూడా ఆయన వాకిజాషి అనే అన్నాడు. కాబట్టి పొట్టి కత్తిని ఆ పనికి వాడారన్నది నిజం. కానీ అక్కడ కాగితం చుట్టిన అలుగే కనిపిస్తుంది. పూలు చెక్కిన పిడి, లక్క మెరుపు ఒర బతికున్న రోజుల్లో పెట్టుకు తిరగడానికి చేయించుకున్నవి.

సమురాయ్‌లకి మాత్రమే అన్నదీ తప్పే. జపాన్ చరిత్రలో ఎడో కాలం అని పిలిచే రోజుల్లో, అంటే 1603 నుంచి 1868 దాకా, రెండు కత్తులు కలిపి ధరించే హక్కు వాళ్లది. పొట్టి కత్తి ఒక్కటైతే వ్యాపారులు కూడా పెట్టుకునేవాళ్లు. డబ్బుండి పొడుగు కత్తికి హక్కు లేని షావుకార్లు ఆ డబ్బంతా పొట్టి కత్తి అలంకారం మీదే పోశారు. ఫొటోలోని కత్తి ఒక బియ్యం వ్యాపారిది కూడా కావచ్చు.

ఒర పక్కన ఉండే చిన్న చాకుని దాని పిడి పేరుతో కొజుకా అంటారు. కాగితం కోయడానికి, పుల్ల చెక్కడానికి వాడుకునే చాకు అది. విసరడానికి చేసింది కాదు.

ఇక బంగారం. అసలు పనితనం చాలాసార్లు నల్లగా ఉండే చోట ఉంటుంది. రాగిలో కొద్ది శాతం బంగారం కలిపితే షకుదో అనే లోహం వస్తుంది. రసాయనం కలిపిన నీళ్లలో ఉడికిస్తే దాని పైభాగం నీలి మెరుపున్న నలుపుకి తిరుగుతుంది, కాకి రెక్క మీద ఎండ పడ్డట్టు. ఆ నలుపు మీద ఆవగింజ కన్నా చిన్న గుండ్రటి బుడిపెలు వరసలు వరసలుగా ఉంటాయి. పేరు ననకో, చేప గుడ్లలా కనిపిస్తుంది. ఒక్కో బుడిపెకి ఒక్కో సుత్తి దెబ్బ, వేలకొద్దీ దెబ్బలు. ఒక్కటి పక్కకి జరిగితే భూతద్దంలో దొరికిపోతుంది. 15వ శతాబ్దంలో గోతో యూజో అనే పనివాడితో మొదలైన కుటుంబం 17 తరాలు ఇలాంటి పనితోనే బతికింది. దీన్ని "బంగారం ఎంత" అని తూకం వేసి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 1876లో కత్తి ధరించడం నిషేధించాక ఈ పనివాళ్లకి ఒక్కసారిగా పని పోయింది. వాళ్లలో గొప్పవాడైన కానో నత్సువో అంతకు కొన్నేళ్ల ముందే, సమురాయ్‌ల పాలన పోయాక వచ్చిన మేజీ ప్రభుత్వపు కొత్త నాణేలకి బొమ్మలు చెక్కాడు.

పైగా అలంకారం వేరు, అలుగు వేరు. పిడినీ ఒరనీ అవసరాన్ని బట్టి మార్చేవాళ్లు. 15వ శతాబ్దపు అలుగుకి 19వ శతాబ్దపు పిడి ఉండటం మామూలే. పిడి ఎంత ఘనంగా ఉన్నా అలుగు గురించి అదేమీ చెప్పదు.

పేరు చూసి నమ్మడం కూడా ప్రమాదమే. పేరున్న కమ్మరుల సంతకాలు దొంగగా చెక్కడం జపాన్‌లో వందల ఏళ్లుగా ఉంది, దానికి గిమెయ్ అని పేరే ఉంది. మరోవైపు పొడుగు కత్తిని కత్తిరించి పొట్టిగా చేసినప్పుడు నిజమైన సంతకం ఎగిరిపోయిన మంచి అలుగులూ ఉన్నాయి. అందుకే 1948లో ఏర్పడ్డ నిహోన్ బిజుత్సు తోకెన్ హోజోన్ క్యోకాయ్ (జపాన్ కళా కత్తుల పరిరక్షణ సంఘం) లాంటి సంస్థ నిపుణులు ఇనుము తీరు, అంచు వెంట కనిపించే తెల్లటి గీత, ఆకారం అన్నీ చూసి తేలుస్తారు.

చివరిది తుప్పు. పిడి లోపలికి దిగే భాగం మీద గోధుమ నలుపు రంగులో ఉండే పాత తుప్పు ఆ అలుగు వయసు చెప్పే గుర్తు. నిపుణులు మొదట చూసేవాటిలో అదొకటి. గరుకు కాగితం పెట్టి రుద్దితే పదినిమిషాల్లో పోతుంది, మళ్లీ రావాలంటే వందల ఏళ్లు కావాలి. అలుగు మీద తుప్పుంటే అది రాళ్లతో పదును పెట్టే నిపుణుడి పని, ఏళ్లతరబడి నేర్చుకునే విద్య. మీ చేతికి ఇలాంటి కత్తి వస్తే అలుగుని వేలితో కూడా తాకకండి, చెమటకే మచ్చ పడుతుంది. పిడి లోపలి తుప్పు జోలికి అసలు పోకండి.